ఇళు అంటే ఇల్లు

“ఈ పట్టరై మూసే రోజంటూ వస్తే, ఈ మిషను నీ ఇంటికే వస్తాది కార్తీ. ఇంకో గడప తొక్కదు. ఇది నా నోటి మాట.”

కల్యాణసుందరం ఈ మాట అన్నది ఒక ఆయుధపూజ నాడు, కోయంబత్తూరులోని గణపతి అనే పేటలో, పంపుసెట్ల భాగాలు చేసే తన వర్క్‌షాపులో. అక్కడ వర్క్‌షాపును పట్టరై అంటారు, యజమానిని ముదలాళి అంటారు. ఆ రోజు ఇనుమును చెక్కే మిల్లింగు మిషనుకు గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు పక్కలా అరటి పిలకలు కట్టారు. ముదలాళి దోసిళ్ళతో మరమరాలూ పుట్నాలూ తీసి, దాన్ని నడిపే కార్తి తువ్వాల్లో పోస్తూ ఆ మాట అన్నాడు. పనివాళ్ళతో ఏడాది పొడుగునా తమిళంలోనే మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాటా తెలుగులో అన్నాడు.

అందుకే కార్తి నమ్మాడు. ఆ ఊరి తెలుగువాళ్ళు తరతరాలుగా తమిళంలో బతుకుతున్నారు. తమిళంలో చదువుకుంటారు, కొంటారు, అమ్ముతారు, పోట్లాడుకుంటారు. తెలుగు ఇంటి నాలుగు గోడల మధ్యే. దాంతో వాళ్ళలో ఒక కట్టుబాటు నిలిచిపోయింది: తమిళంలో అన్నది బేరం, తెలుగులో అన్నది మాట. బేరం తప్పొచ్చు, మాట తప్పకూడదు. ముదలాళి ఇంట్లోనూ తెలుగే, కార్తి ఇంట్లోనూ తెలుగే. భాష ఒకటే గాని వాకిళ్ళు ఒకటి కావు. ముదలాళి ఇంటివాళ్ళెవరూ కార్తి ఇంటి గడప తొక్కిన పాపాన పోలేదు. కార్తి ఇంటివాళ్ళు ముదలాళి ఇంటి గేటు దాటి ఎరగరు.

కార్తి రోజూ సూలూరు నుంచి బస్సులో వచ్చేవాడు. రాగానే నూలు పీచుతో మిషను తుడిచి, జారుడు పట్టాలకు నూనె పట్టించి, కాసేపు దాన్ని ఊరికే తిరగనిచ్చేవాడు. పొద్దున మనిషికి టీ ఎట్లాగో దానికది అట్లాగ. సాయంత్రం బ్రష్షుతో ఇనప రజను ఊడ్చి, టేబుల్ మీద పల్చగా నూనె రాసి, దాని మెడ మీద తట్టి, “ఇంటికి పోయొస్తా. ఉండు” అనేవాడు. అది తండ్రి కరుప్పుసామి దగ్గర పట్టుబడ్డ అలవాటు. కరుప్పుసామి కూడా తన ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆ మిషను మీదే పనిచేసి కన్నుమూశాడు. ఇద్దరి నోటా ఆ మిషను సాయంత్రం సాయంత్రం విన్నది ఒకే మాట. పొద్దుగూకితే వీళ్ళు ఎక్కడికో పోతారు. అలసిపోయి పోయినవాళ్ళు పొద్దున కాస్త తేటపడిన ముఖంతో వస్తారు. ఆ చోటు పేరు ఇల్లు.

ఆదివారం సెలవు. సోమవారం పొద్దున టేబుల్ జరిపే చక్రం కొంచెం బరువుగా తిరిగేది. బెంగ. అది అన్ని పట్టరైల్లోనూ ఉన్నదే. పక్క వీధిలో ఒక లేతు, దాని ఆపరేటరు పెళ్ళి చేసుకుని వారం రోజులు రాకపోయేసరికి ఇద్దరు పట్టినా తిరగలేదు. కొత్త పెళ్ళికొడుకు పసుపు బట్టలతోనే వచ్చి దాన్ని పలకరించి పోవలసి వచ్చింది. మిషన్లు మోసే గుంపుల వాళ్ళు అందుకే పని ఒప్పుకునే ముందు బరువెంత అని అడగరు. ఎవర్ని వదిలి పోతోంది అని అడుగుతారు.

పట్టరై మూసే రోజు వచ్చింది. ముదలాళి కొడుకు హరిహరన్ ఆ జాగాలో కల్యాణ మండపం కట్టాలనుకున్నాడు. పనివాళ్ళను లెక్క చూసి పంపేశాడు. మిషన్లు అమ్మకానికి పెట్టాడు, మిల్లింగు మిషనుతో సహా.

కార్తి ముదలాళి ఇంటికి వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. కల్యాణసుందరం వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కార్తి తెలుగులో అడిగాడు: “ముదలాళీ, మీరు నాకొక మాట ఇచ్చినారు.”

పెద్దాయన కాళ్ళు నేలకు ఆనాయి. ఉయ్యాల ఆగింది. ఆయన కార్తి ముఖం చూడలేదు. గేటు కమ్మీలు చూస్తూ తమిళంలో అన్నాడు: “పాక్కలాం తంబీ.”

చూద్దాం తమ్ముడూ అని. అంతే. మాట ఇచ్చిన భాషలో లేదనలేక, ఇంకో భాషలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ రోజు కార్తి సూలూరు దాకా బస్సులో నిలబడే వచ్చాడు, సీటు ఖాళీగా ఉన్నా. ఇంటికొచ్చి తల్లి రామాయి ముందు, పుస్తకాల్లో చదివినవీ మీటింగుల్లో అరిచినవీ కలిపి, కడుపులో ఉన్నదంతా కక్కాడు. “దున్నేవాడిదే భూమి అన్నారు కదమ్మా! తిప్పేవాడిదే మిషను అని ఎందుకనరు? నాయన చెయ్యి, నా చెయ్యి అరిగి అరిగి ఆ పిడి నున్నగైంది. అది ఎవరి సొత్తు? చరిత్ర వీళ్ళని వదిలిపెడతాదా?”

రామాయి చేటలో బియ్యం ఏరుతోంది. “నీ నినాదాలన్నీ గోడ మీద రాసేకి బాగుంటాయి నాయనా. గోడ వాళ్ళది గదా” అంది.

కార్తికి నవ్వూ రాలేదు, కోపమూ పోలేదు. పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ రేకుల పంచ కింద ఒక సిమెంటు దిమ్మె ఉంది. ముదలాళి మాట ఇచ్చిన మరుసటి ఆదివారమే కార్తి దాన్ని పోశాడు. మిషను పాదం కొలత తెచ్చి, బోల్టులకు గుంటలు కూడా వదిలాడు. అప్పటి నుంచీ ఆ దిమ్మె మీద రామాయి వడియాలు పెడుతోంది. గుంటల్లో ఎండుటాకులు చేరాయి.

తర్వాత అతను సూలూరులోనే ఒక కంపెనీలో చేరాడు. అక్కడ కంప్యూటరు మిషను. తలుపు వేసుకుని తన పని తాను చేసుకుంటుంది. సాయంత్రం అలవాటు కొద్దీ దానికి “పోయొస్తా” అన్నాడు. లోపల పంకా శబ్దం తప్ప ఏమీ లేదు. మరుసటి రోజు నుంచి అనడం మానేశాడు.

ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వెళ్ళేదాకా ఆ ఊళ్ళో ఎవరూ బరువైనదేదీ కదపరు. తర్వాతి నెల ఆవణి పుట్టాక ఫోను వచ్చింది. అన్నూరులో మరమగ్గాల విడిభాగాలు చేసే తిలకవతి అనే ఆమె ఆ మిల్లింగు మిషను బేరమాడింది. తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి, భద్రంగా అన్నూరు చేర్చాలి, ఇంకెవరిని అడిగినా నీ పేరే చెబుతున్నారప్పా, వస్తావా అని అడిగింది. తెలుగులోనే అడిగింది.

“పెళ్ళికూతుర్ని ఇంకోడి పల్లకీ ఎక్కించేకి నువ్వే పోతావా?” అంది రామాయి.

“నేను పోకుంటే కిందేస్తారమ్మా. ఆ మిషనుకి తలకాయ పెద్దది, పాదం చిన్నది. ఒక్క పక్కకి ఒరిగిందంటే మనిషీ మిగలడు, అదీ మిగలదు.”

అతను పట్టరైలోకి అడుగుపెట్టేసరికి మిగతా మిషన్లన్నీ వెళ్ళిపోయాయి. నేల మీద వాటి జాగాలు నూనె మరకలై ఉన్నాయి. మిల్లింగు మిషను ఒక్కటే మూల నిలబడి ఉంది. హరిహరన్ వాకిట్లో ఫోను మాట్లాడుకుంటున్నాడు. తిలకవతి నడివయసు మనిషి, చేనేత చీర, చేతిలో టార్చి లైటు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి అప్పటికే మిషను కిందికి వంగి చూస్తోంది.

“చక్రం కదలడంలేదేమప్పా? తుప్పా?”

“తుప్పు కాదుంగ. బెంగ” అన్నాడు కార్తి, అండి అనే చోట అక్కడివాళ్ళు పలికే ఉంగతో.

“ఓ, అంతేనా!” అని ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. “తుప్పేమో అని భయపడ్డా.”

కార్తి మెడ మీద తట్టి చక్రం పట్టుకున్నాడు. తిరిగింది. మోటారు వేసి, తక్కువ వేగంలో ఒకసారి, ఎక్కువ వేగంలో ఒకసారి చెవి పెట్టి విన్నాడు. గేరు పళ్ళ చప్పుడు సమంగా ఉంది. డయల్ గేజీ ఆనించి, కత్తిని తిప్పే ఇరుసును, అదే స్పిండిల్‌ను, చేత్తో తిప్పితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. టేబుల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపాడు. నడిమధ్యలో మరలో కొంచెం వదులు ఉంది. అది కరుప్పుసామీ, అతనూ అరిగించినది. చివర్లు కొత్తవాటిలా ఉన్నాయి.

“కొనొచ్చా?” అని అడిగింది తిలకవతి.

హరిహరన్ ఫోను చెవి నుంచి దించి చూశాడు. కార్తికి ఒక్క క్షణం అన్నీ తెలిసొచ్చాయి. స్పిండిల్ పోయింది అంటే చాలు. ఈమె వెళ్ళిపోతుంది. హరిహరన్ దాన్ని పాత ఇనుము కింద తోసేస్తాడు, పాత ఇనుము కింద అయితే తనే కొనుక్కోగలడు. తమిళంలో అంటే మిషనుకు అర్థం కూడా కాదు. నోట్లోకి ఆ తమిళ మాట వచ్చేసింది కూడా.

కానీ అబద్ధం ఆడి తెచ్చుకుంటే వచ్చేది ఇనుమే. అతనికి కావలసింది ఇచ్చిన మాట. మోసానికి మోసం జవాబైతే, ఇన్నాళ్ళూ గొంతు చించుకున్న న్యాయం ఎవరి కోసం?

“మంచి మిషనుంగ” అన్నాడు తెలుగులో. “నడుమ కొంచెం వదులుంది, మర బిగిస్తే సరి. కళ్ళు మూసుకుని కొనొచ్చు.”

చక్రం మీద ఉన్న అతని చెయ్యి కిందే ఇనుము మళ్ళీ బరువెక్కింది.

మోసే పని మాయాండికి కుదిరింది. మాయాండిది మదురై. సొంత లారీ, సొంత గుంపు, బొంగురు గొంతు. తమిళుడే అయినా గణపతి పేటలో తిరిగి తిరిగి తెలుగు పట్టుబడింది. మోసే రోజున అతను వచ్చీ రాగానే అందరూ అడిగేదే అడిగాడు: “ఎవర్ని వదిలి పోతోంది?”

“నన్నే అన్నా” అన్నాడు కార్తి.

మాయాండి అతన్ని పైనుంచి కిందికి చూసి, “అయితే గొలుసు ఇంకోటి దించండ్రా” అని తన మనుషులకు చెప్పాడు. హరిహరన్ వైపు తిరిగి, “ఎక్కడికి పోతోందో దీనికి చెప్పారా సార్? చెప్పకుండా కదపకూడదు” అన్నాడు.

“ఇనుముకు చెప్పేదేముంది? మొదలుపెట్టండి” అన్నాడు హరిహరన్ తమిళంలో. పట్టరై వెనకే ముదలాళి ఇల్లు. మేడ మీద కిటికీ తెర కొంచెం కదిలింది. కార్తి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ముందు మోటారు తీగలు విప్పి, ఏ తీగ ఎక్కడిదో రంగు గుడ్డలు కట్టాడు, రేపు ఎవరైనా తప్పుగా కలిపితే ఎదురు దిక్కుకు తిరుగుతుందని. టేబుల్‌ను నడిమధ్యకు తెచ్చి బిగించాడు. టేబుల్‌ను కింద నుంచి మోసే మోకాలును పూర్తిగా కిందికి దించాడు. తలకాయను మెల్లగా తిప్పి వంచి, దానికీ టేబుల్‌కీ మధ్య ఒక చెక్క దిమ్మె పెట్టాడు. అప్పుడు మిషను, తల వంచుకుని కూర్చున్న మనిషిలా, బరువంతా పొట్టలో పెట్టుకుంది. నేల బోల్టులు విప్పాక, గడ్డపారతో ఒక అంచు వేలెడంత లేపడం, చెక్క చీల దూర్చడం, రెండో అంచు లేపడం. అట్లా లేపి లేపి కింద రెండు బలమైన దుంగలు పెట్టి, పాదాన్ని వాటికి బోల్టులతో బిగించారు. దుంగల కింద ఇనప పైపులు. మెడకు పట్టీ.

“చక్రాలకూ పిడులకూ తాడు తగలకూడదు. దాని ముందర ఎవరూ నిలబడకూడదు. పడితే పడనివ్వండి, పట్టుకునేకి పోవద్దు” అన్నాడు కార్తి.

“చిత్తం దొరా” అన్నాడు మాయాండి, నవ్వి. గుంపు తాడు పట్టింది. అతను ఊపిరి తీసుకుని గొంతెత్తాడు.

“ఇళూ!”

తమిళంలో అది లాగు అని. కోయంబత్తూరు వాళ్ళు ఆ అక్షరాన్ని నాలుక మడిచి ఎక్కడో లోపల పలుకుతారు. మదురై నోట అది తెలుగు ళకారమే అయిపోతుంది.

“ఇళూ! ఇళూ!”

కదలనని మొండికేస్తుందనుకున్న మిషను కదిలింది. మొదట ఒక జానెడు. తర్వాత ఒక బారెడు. పైపులు గలగలమన్నాయి. గుంపు లాగడం ఆపినా అది ఆగలేదు. పట్టరై నేల వాకిలి వైపు కొంచెం వాలు. మాయాండి కొత్త పైపు దాని ముందు వేయడానికి వంగి ఉన్నాడు. మిషను, ఆవు ఇంటి దారి పట్టినట్టు, నేరుగా అతని మీదికి వస్తోంది.

“నిల్లూ!” అని అరిచాడు కార్తి.

నిల్లు అంటే రెండు భాషల్లోనూ నిలబడమనే. మిషను నిలబడింది. మాయాండి వేళ్ళకూ దుంగకూ మధ్య ఒక అట్టముక్క పట్టేంత సందు మిగిలింది. ఎవరో చప్పున చీల అడ్డం పెట్టారు. మాయాండి నేల మీదే కూలబడి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అత్తారింటికి పోయే కొత్తల్లుడు కూడా ఇంత పరిగెత్తడే!” అన్నాడు చివరికి. గుంపులో ఒకడు నవ్వబోయి మానుకున్నాడు.

కార్తికి అప్పుడు అర్థమైంది. “అన్నా, మీరు ఇళు అంటాండారు. దానికి ఇల్లు అని వినిపిస్తాంది. మా నాయనా నేనూ దినామూ దానికి చెప్పిన మాట అదే.”

“మదురైలో ఆ అక్షరం అంతే తంబీ. ఈ వయసులో నాలుక మడవమంటే విరుగుతుంది. మరి ఏమని అరవాలి?”

“ఏమీ అరవొద్దు. చెయ్యి ఊపుతా, మెల్లగా పట్టండి.”

ఆ తర్వాత నోరెత్తకుండానే లాగారు. లారీకి వాలుగా ఇనప పట్టీలు ఆనించి, గొలుసు చక్రంతో పళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు పైకి ఎక్కించారు. నాలుగు మూలలా గొలుసులు బిగించారు. కానీ విన్నది వినే ఉంది. లారీ బల్ల మీద అది సూలూరు ఉన్న తూర్పు దిక్కుకు ముఖం పెట్టుకుని కూర్చుంది.

అన్నూరుకు సత్తి రోడ్డు మీద నేరుగా ఉత్తరంగా పోవాలి. మాయాండి నడుపుతున్నాడు, పక్కన కార్తి. తిలకవతి కారు వెనకాల వస్తోంది. శరవణంపట్టి కూడలి దాకా బాగానే పోయారు. అక్కడ కుడివైపు కాళప్పట్టి రోడ్డు, సూలూరు పోయే దారి. కూడలి నడుమ లారీ ఒక్కసారిగా మూలిగింది. వెనక టైర్లు నొక్కుకుపోయాయి. మాయాండి గేరు మార్చాడు, ఇంకా మార్చాడు. ఇంజను అరిచింది గాని లారీ అంగుళం కదల్లేదు. స్టీరింగు కుడివైపు తిప్పి చూశాడు. ఖాళీ బండిలా ముందుకు గెంతింది. మళ్ళీ నేరుగా తిప్పాడు. మళ్ళీ కుదేలు.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక సిటీ బస్సు డ్రైవరు తల బయట పెట్టి ఏమైందని అడిగాడు. “బెంగ” అన్నాడు మాయాండి. “ఓ” అని అతను హారన్ ఆపి, వెనకవాళ్ళకు చెయ్యి చూపించి, ఎడమ పక్క నుంచి బస్సు దూర్చుకుని పోయాడు.

తిలకవతి కారు దిగి వచ్చింది. “ఏమప్పా కార్తీ, అది నీ మాట వింటాది గదా. అన్నూరే నీ ఇల్లు అని చెప్పు. ఒక్క మాట.”

కార్తి లారీ ఎక్కి మెడ మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీసేసి తిలకవతి వైపు తిరిగాడు. “నేను చెప్పకూడదుంగ. దీనికి ముందే ఒకరు మాట ఇచ్చినారు. నా ఇంటికే వస్తాదని. దీని ముందర నిలబడి, తెలుగులో. ఆ మాట తియ్యాలంటే ఇచ్చినోళ్ళే తియ్యాలి.”

“ఎవరు?”

“ముదలాళి.”

తిలకవతి అసలు సంగతి అప్పటిదాకా ఎరగదు. “నాతో ఎందుకు చెప్పలేదు? మిషను చూసిన రోజే చెప్పొచ్చు గదా!”

“మీరు మిషను గురించి అడిగినారు. మిషను గురించి చెప్పినా.”

ఆమె ఫోను తీసి హరిహరన్‌ను పిలిచింది, అందరికీ వినబడేలా. “తమ్ముడూ, మీరు అమ్మారని దీనికి ఒక్క మాట తెలుగులో చెప్పండి. రోడ్డు మీద నిలబడిపోయాం.”

“మేడం, నాకు తెలుగు అర్థమౌతుంది, మాట్లాడ రాదు” అన్నాడు హరిహరన్ తమిళంలో. గొంతులో విసుగు కన్నా సిగ్గే ఎక్కువ వినబడింది.

“అయితే నాన్నగారికి ఇవ్వండి.”

ఫోను చేతులు మారిన చప్పుడు. ఉయ్యాల గొలుసు కిర్రుమన్న చప్పుడు. తిలకవతి ఫోనును మిషను మెడకు ఆనించి పట్టుకుంది. “అయ్యా, ‘నిన్ను అన్నూరికి అమ్మినా, పో’ అనండి. చాలు.”

పెద్దాయన ఊపిరి వినిపించింది. అది ఆగింది. మళ్ళీ వచ్చింది. కార్తి గుండెలో, ఇన్నాళ్ళ కోపం కింద ఎక్కడో, ఒక ఆశ లేచి నిలబడింది. అమ్మినానని అనడు, అనలేడు. అట్లాగే ఇచ్చినానని అంటే? ఒక్కసారి, ఈ నడిరోడ్డు మీద, ఈ హారన్ల మధ్య అంటే? అన్ని పుస్తకాలు చదివి, అన్ని నినాదాలు అరిచి, తను ఎదురుచూస్తున్నది ఒక ముసలాయన నోటి నుంచి ఒక్క ముక్క కోసమా అని అతనికే తన మీద రోషం వచ్చింది. అయినా ఎదురుచూశాడు.

“పాక్కలాం” అంది ఫోను. తెగిపోయింది.

మిషనుకు అది అర్థం కాలేదు. టైర్లు ఇంకొంచెం నొక్కుకున్నాయి.

“బిల్లు మీద ఆయనే సంతకం పెట్టినప్పుడు చెయ్యి వణకలేదే! ఇప్పుడు నాలుకకు ఏమొచ్చింది?” అంది తిలకవతి. ముఖం ఎర్రబడింది. చుట్టూ బండ్లను చూసింది, మిషనును చూసింది, కార్తిని చూసింది. “పదండి. నడిరోడ్డున సంసారం పెట్టలేం. ఇది పోతానన్న చోటికే పోనీ.”

మాయాండి కుడివైపు తిప్పాడు. లారీ పూలబండిలా పోయింది.

సూలూరులో వీధి పిల్లలంతా వెంటబడ్డారు. పైన వాయుసేన విమానం ఒకటి ఇళ్ళ కప్పులు అదిరేలా పోయింది. రామాయి వాకిట్లో కర్పూరం వెలిగించి, పళ్ళెంలో ఎర్రనీళ్ళు దిష్టి తీసి పారబోసింది. “ఏమే, ఇన్నాళ్ళకి దావ దొరికిందా? ఇదే ఆ ఇల్లు. పెద్ద మేడ అనుకుంటివేమో, చూసుకో” అంది. దించేటప్పుడు ఎవరూ గట్టిగా లాగనే లేదు. పంచ కింది దిమ్మె మీద వడియాల చాప తీసేసి, గుంటల్లో ఆకులు ఊడ్చారు. బోల్టులు వాటి గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి.

తిలకవతి తడి నేల మీద చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకముందే గడప దాటి వచ్చి గోడవార పీట మీద కూర్చుంది. రామాయి ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఇంట్లో వాళ్ళు తాగే గ్లాసుల్లోనే టీ పోసి ఇచ్చింది. తిలకవతి ఊదుకుంటూ తాగింది.

“విను కార్తీ. నేను కొన్నది నేను కొన్నదే, దానధర్మం కాదు. ఆయన వచ్చి అమ్మినా అంటే అన్నూరు తీసుకుపోతా. నీకిచ్చినా అంటే నా డబ్బు నాకు తిరిగిస్తాడు. అంతదాకా నా మగ్గాల పని ఈడ్నే చెయ్యి. సామాను నేను పంపిస్తా. ఆ కంపెనీలో మానుకుంటావో లేదో నీ ఇష్టం.”

“మానుకుంటాడు” అంది రామాయి, కార్తి నోరు తెరిచేలోగా.

మరుసటి వారమంతా కార్తి దాన్ని నిలబెట్టుకున్నాడు. రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా పాదం కింద పల్చటి రేకులు దూర్చాడు. తలకాయ నిటారు చేశాడు. గుడ్డల రంగులు చూసి తీగలు కలిపాడు. నడిమి మర బిగించాడు. మొదటి పెచ్చు లేచినప్పుడు రామాయి వంటింట్లోంచి “మీ నాయన వచ్చినట్టుండాది” అని, వెంటనే పోపులో ఇంకేదో వేసి చప్పుడు చేసింది.

సాయంత్రం రజను ఊడ్చి, నూనె రాసి, మెడ మీద తట్టి, “ఇంటికి...” అని ఆగిపోయాడు. పోవలసిన చోటు ఇంకెక్కడా లేదు. వంటింటి దీపం వెలుగు మిషను మీద పడుతోంది. “ఉండు” అని మాత్రం అన్నాడు.

చక్రం ఒక్క వేలితో తిరిగింది. కానీ ప్రతి చుట్టులోనూ ఒకే ఒక్క చోట, ఊపిరి పట్టినట్టు, కొంచెం బరువు. కార్తి నూనె పోశాడు, మర చూశాడు, మళ్ళీ తిప్పాడు. అక్కడే. బిగింపులో తప్పు లేదు. మిషను వచ్చింది గాని మాట ఇంకా రాలేదు. అది దానికీ తెలుసు.

ముదలాళికి పంపడానికి అతను ఫోనులో చాలా పెద్ద సందేశం మాట్లాడి పెట్టుకున్నాడు. అందులో శ్రమ ఉంది, దోపిడీ ఉంది, చరిత్ర తీర్పు ఉంది. రామాయి విని, “అబ్బో, మీటింగు బాగుండాది. ఆయన్ని ఏమడిగినావు ఇందులో?” అంది. కార్తి దాన్ని చెరిపేశాడు. పెరట్లోకి వెళ్ళి, మిషను పక్కన నిలబడి, దానికీ వినబడేలా తెలుగులో మళ్ళీ మాట్లాడి పంపాడు.

“ముదలాళీ, నేను కార్తి. మిషను మా ఇంట్లో ఉండాది. బాగుండాది. మీరు మా ఇంటికి ఎప్పుడూ వచ్చింది లేదు, ఇప్పుడు రావాల. దీని ముందర నిలబడి ఇచ్చినా అంటే ఇచ్చినా అని, అమ్మినా అంటే అమ్మినా అని తెలుగులో చెప్పండి. ఏది చెప్పినా నేను అడ్డం రాను, అమ్మినా అంటే నేనే ఎత్తి లారీలో పెట్టి పంపిస్తా. పాక్కలాం అని మాత్రం అనొద్దు, దానికి తమిళం రాదు. ఈసారి పూజ మా పంచలోనే. అమ్మ గడప కడిగి పెడతాది. ఆయుధపూజ నాడు, అక్టోబరు ఒకటో తారీఖు బుధవారం, పొద్దుగూకే దాకా చూస్తాం.”